ముందు అక్షరం, ఆ తర్వాతే ఆట

నవంబరు చివర్లో అమెరికాలో వచ్చే బ్లాక్ ఫ్రైడే ప్రకటనల్లో మానిటర్ బొమ్మ పక్కన అన్నిటికన్నా పెద్దగా అచ్చయ్యేది హెర్ట్జ్ సంఖ్య: 165, 240, 360. దాని కిందే ‘1 మిల్లీసెకను’ అని ఉంటుంది. రెండూ ఆటకు సంబంధించిన అంకెలే. కానీ ఇక్కడి తెలుగు ఇళ్లలో ఆ తెర ముందు గడిచే సమయంలో ఆటకు దక్కేది చిన్న వాటా. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఆఫీసు ల్యాప్‌టాప్‌ను దానికే తగిలిస్తారు. పగలంతా కోడు, ఎక్సెల్, మెయిళ్లు; సాయంత్రం పిల్లల హోంవర్కు; వారాంతంలో ఆన్‌లైన్లో మనబడి తెలుగు తరగతి. మిగిలిన గంటా రెండు గంటల్లో వాలరెంటో, ఎల్డెన్ రింగో. అందుకని ఆటకూ రోజువారీ పనికీ ఒకే మానిటర్ కొనేవాళ్లు ముందుగా చూడాల్సింది అక్షరం ఎంత స్పష్టంగా కనబడుతుందో అని నా వాదన. అలా ఎంచుకున్న తెరలో ఆటకు కావలసిన వేగం కూడా ఇప్పుడు దొరుకుతోంది. వేగాన్ని చూసి ముందు కొనేస్తే మాత్రం అక్షరాన్ని తర్వాత బాగుచేసుకునే మార్గం లేదు.

స్పష్టత రెజల్యూషన్ ఒక్కదానితో తేలదు. తెర సైజును బట్టి పిక్సెళ్లు ఎంత దగ్గరగా పడ్డాయో చూడాలి. 27 అంగుళాల తెర మీద 1920×1080 అంటే అంగుళానికి దాదాపు 82 పిక్సెళ్లు. అదే సైజులో 2560×1440 అయితే 109, 4కె అయితే 163. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలదన్నది కంటి పరీక్షకు ఆధారమైన లెక్క. చెయ్యి చాపినంత దూరంలో, అంటే ఓ 60 సెంటీమీటర్ల దూరంలో, ఆ కోణం సుమారు 0.17 మిల్లీమీటర్లు. 27 అంగుళాల 1080 తెరలో ఒక్కో పిక్సెల్ 0.31 మిల్లీమీటర్లుంటుంది, 1440లో 0.23, 4కెలో 0.16. కన్ను గుర్తుపట్టలేనంత చిన్న పిక్సెల్ ఈ మూడింటిలో 4కెది ఒక్కటే. పైగా ఆఫీసు ఇచ్చేది మ్యాక్‌బుక్ అయితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పిక్సెల్లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలను విడివిడిగా వాడుకుని అక్షరం అంచును నునుపు చేసే పద్ధతిని ఆపిల్ 2018లో మ్యాక్‌ఓఎస్ మోజావే నుంచి వదిలేసింది. ఆనాటి నుంచి మామూలు సాంద్రత ఉన్న తెరల మీద మ్యాక్ అక్షరాలు పలచబడి, మసకగా కనబడుతున్నాయి.

తెలుగు చదివేవాళ్లకు ఈ లెక్క మరింత వర్తిస్తుంది. థకూ ధకూ మధ్య తేడా కడుపులో ఉన్న ఒక్క చుక్క. రకూ ఠకూ అంతే. ‘కి’ని ‘కీ’ చేసేది పైన చిన్న మెలిక. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో ఒత్తులకు కింద చోటు ఇవ్వాలి, గుడులకు పైన చోటు ఇవ్వాలి. ఒక వరసకు దక్కిన ఎత్తును ఇలా పంచుకోగా అసలు అక్షరానికి మిగిలే పిక్సెళ్లు ఇంగ్లీషు అక్షరానికి దక్కేవాటి కన్నా తక్కువ. విండోస్ ఎక్స్‌పీ కాలపు గౌతమి నుంచి విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐ దాకా ఫాంట్లు ఎంత మెరుగైనా, గీయడానికి చుక్కలే లేనప్పుడు ఏ ఫాంటూ ఆ లోటు తీర్చలేదు. అలవాటైన పెద్దల కన్ను మాట ఆకారాన్ని బట్టి సర్దుకుపోతుంది. ఇక్కడ పుట్టి, తెర మీదే అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలకు ఆ ఆసరా ఉండదు. వాళ్లకు చుక్క చుక్కగానే కనబడాలి. తెలుగు దినపత్రికల ఈ-పేపర్ చదివేవాళ్లకు ఇంకో సంగతి. నిలువుగా తిప్పుకోవడానికి వీలున్న స్టాండు ఉంటే 27 అంగుళాల తెర దాదాపు 34 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తున నిలబడుతుంది. పత్రికలో ఒక పూర్తి పేజీ దాదాపు అసలు సైజులోనే పట్టేస్తుంది. 4కె అయితే దాన్ని జూమ్ చేయకుండానే చదవవచ్చు.

హెర్ట్జ్ వల్ల లాభం లేదని నేననడం లేదు. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకొక బొమ్మ మారుస్తుంది, 144 హెర్ట్జ్ తెర 6.9కి ఒకటి. దాదాపు పది మిల్లీసెకన్ల ఈ లాభం ఆటలోనే కాక, పొడుగాటి పేజీని స్క్రోల్ చేస్తున్నప్పుడు కూడా తెలుస్తుంది. అందుకే 144కు తగ్గకుండా తీసుకోమంటాను. అక్కణ్నుంచి 240కి వెళ్తే కలిసొచ్చేది మూడు మిల్లీసెకన్ల లోపు. 240 నుంచి 360కి వెళ్తే ఒకటిన్నర కూడా రాదు. ప్రకటనలో సంఖ్య పెరిగిన కొద్దీ చేతికొచ్చేది తరుగుతూ పోతుంది. ఇక ఆ ‘1 మిల్లీసెకను’ చాలాసార్లు ప్యానెల్‌ను దాని అత్యంత దూకుడు సెట్టింగులో పెట్టి కొలిచినది. ఆ సెట్టింగులో కదిలే బొమ్మల వెనక తెల్లటి నీడలు పడతాయి కాబట్టి ఎవరూ అందులో ఆడరు. ఒకప్పుడు ఎన్విడియా కార్డున్నవాళ్లకు, ఆలస్యం లేకుండా కదలికలో బొమ్మ మధ్యకు చీలకుండా ఉండాలంటే ఆ సంస్థ 2013లో ప్రకటించిన జీ-సింక్ చిప్పున్న ఖరీదైన మానిటరే దిక్కు. 2019 జనవరిలో ఆ సంస్థ మామూలు అడాప్టివ్ సింక్ మానిటర్లకు కూడా తలుపు తీసింది. ఆ సౌకర్యానికి ఇప్పుడు విడిగా డబ్బు పెట్టాల్సిన పనిలేదు.

పోటీల్లో ఆడేవాళ్ల సంగతేమిటని అడగవచ్చు. కౌంటర్ స్ట్రైక్ వృత్తిగా ఆడేవాళ్లు 24, 25 అంగుళాల 1080 తెరలనే వాడతారు, వాళ్లకు అదే సరైనది. ఆ ఒకటిన్నర మిల్లీసెకను మీద బతుకు ఆధారపడినవాళ్లు దానికి వెల కట్టడం న్యాయమే. కానీ వాళ్ల తెర పొద్దున్నే స్ప్రెడ్‌షీటు చూపించాల్సిన తెర కాదు. కాలేజీ స్థాయిలో పోటీపడే పిల్లవాడు ఇంట్లో ఉంటే అతనికి విడిగా చిన్న మానిటర్ కొనడం మేలు. లేదంటే 4కెలో ఒక వేగం, 1080కి దిగితే దానికి రెట్టింపు వేగం ఇచ్చే రెండు పద్ధతుల మానిటర్లు 2024 నుంచి వస్తున్నాయి, అవి చూడవచ్చు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం గ్రాఫిక్స్ కార్డుది. 4కె అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, 1440లో 37 లక్షలు, 1080లో 21 లక్షలు. మధ్యరకం కార్డు అంత భారాన్ని మోయలేదన్నమాట నిజమే. అయితే ఆ పిక్సెళ్లన్నీ కార్డే గీయాలన్న రోజులు పోయాయి. ఎన్విడియా కార్డులో డీఎల్ఎస్ఎస్‌ను క్వాలిటీలో పెడితే ఆటను లోపల 1440లోనే గీసి 4కెకి పెంచుతుంది. ఎఫ్ఎస్ఆర్ వేరే కంపెనీల కార్డుల మీద కూడా ఇదే పని చేస్తుంది. అలా పెంచిన బొమ్మ, అచ్చమైన 1440 తెర మీద బొమ్మకన్నా నాకు మెరుగనిపిస్తుంది. పాత ఆటను నేరుగా 1080లో పెట్టినా చిక్కులేదు: 4కెలో నాలుగు పిక్సెళ్లు సరిగ్గా ఒక 1080 పిక్సెల్‌కు సరిపోతాయి. 1440 తెర మీద ఆ నిష్పత్తి ఒకటీ మూడో వంతు కావడంతో అంచులు అలుక్కుపోతాయి. పీఎస్5 కూడా ఉంటే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉన్నదే చూసుకోవాలి. 2.0 పోర్టు పూర్తి రంగులతో 4కెను 60 హెర్ట్జ్ దాకానే మోయగలదు.

ఓఎల్ఈడీ విషయంలో నాకు మనసు ఊగుతుంది. ఏ పిక్సెల్‌కా పిక్సెల్ వెలిగి ఆరుతుంది కనుక నలుపు అచ్చమైన నలుపు, కదలిక ఏ ఐపీఎస్ ఎల్‌సీడీ తెర కన్నా శుభ్రం. ఆటకు, సినిమాకు దాన్ని మించింది లేదు. అయినా రోజుకు ఎనిమిది గంటలు అదే టాస్క్‌బార్, అదే కోడు ఎడిటర్ కదలకుండా నిలిచే ఇంట్లో మచ్చ పడే ప్రమాదాన్ని కొట్టిపారేయలేం. చాలా కంపెనీలు మూడేళ్లు మచ్చకు కూడా వారంటీ ఇస్తున్నాయి. మానిటర్ మీద ఏడెనిమిదేళ్లు ఆశపెట్టుకునే కుటుంబానికి అది సగం భరోసా. వీటిలో ఒక రకమైన క్యూడీ-ఓఎల్ఈడీలో రంగు ముక్కలు వరసలో కాక ముక్కోణంగా ఉండటంతో అక్షరాల అంచున గులాబీ, ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. 27 అంగుళాల 4కె ఓఎల్ఈడీల్లో పిక్సెళ్లు చిన్నవి కావడంతో ఆ ఛాయ చాలావరకు మాయమవుతుంది, కానీ వాటి ధర ఇంకా ఎక్కువే. ధర దిగేదాకా ఐపీఎస్ వైపే నా మొగ్గు.

ధర మాటకొస్తే, 27 అంగుళాల 4కె 144 హెర్ట్జ్ మానిటర్లు 2018లో మొదట వచ్చినప్పుడు దాదాపు 2,000 డాలర్లు. హంగులు తగ్గించుకుంటే ఇప్పుడు అదే సైజు, అదే వేగం అందులో నాలుగో వంతుకు దొరుకుతున్నాయి. మిగిలిన డబ్బుతో రెండు కంప్యూటర్ల మధ్య కీబోర్డు, మౌసు మార్చుకునే కేవీఎం, ల్యాప్‌టాప్‌కు చార్జింగ్ కూడా ఇచ్చే యూఎస్‌బీ-సీ, ఎత్తు మారే స్టాండు ఉన్నది ఎంచుకోవచ్చు. పగలు ఆఫీసుకీ రాత్రి ఆటకీ మారే బల్ల మీద ఈ మూడూ 360 హెర్ట్జ్ కన్నా ఎక్కువ పనికొస్తాయి.

ఇదే ఆలోచనతో ఇండియాలో ఇంటి దగ్గరున్న అమ్మానాన్నలకు కూడా ఒకటి కొని పెట్టెలో పట్టుకెళ్లాలనుకునేవాళ్లున్నారు. అడాప్టర్ మీద 100–240 వోల్టులని ఉంటే కరెంటుతో ఇబ్బంది లేదు. ఇబ్బంది వారంటీతోనే: అది సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది, విమాన ప్రయాణంలో ప్యానెల్ పగిలితే అడిగే దిక్కుండదు. వాళ్ల కోసమైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, విజయవాడ దుకాణంలోనో తెలిసినవాళ్ల చేత కొనిపించాలి. 27 అంగుళాల 4కె తీసుకుని విండోస్‌లో అక్షరాన్ని 200 శాతానికి పెంచి పెడితే, 1080 తెరలో కనిపించేంత పెద్దగా, ముద్రించిన పుస్తకమంత నునుపుగా తెలుగు కనబడుతుంది. 60 హెర్ట్జ్‌దైనా వాళ్లకు చాలు.