మేము కూల్చుకున్న మిద్దె

సావనీరుకు ఏదైనా వ్రాయమని మిత్రులు అడిగినప్పుడు, సైన్సు చదివేవాడికి కథలూ కవితలూ ఎక్కడొస్తాయని తప్పించుకోబోయాను. "నీకు తెలిసిందే వ్రాయి" అన్నారు. నాకు బాగా తెలిసింది ఒక్కటే ఉంది. అది నా మాట విని మా నాయన కూల్చిన ఇల్లు. అందుచేత దాన్ని గూర్చే వ్రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లాలో వేరుశనగ మీద బ్రతికే ఒక చిన్న పల్లె. మా తాత కట్టించింది మట్టిమిద్దె. గోడలు రాయీ అడుసూ కలిపి కట్టినవి, మందం రెండడుగులకు తక్కువ ఉండదు. పైన దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద పుల్లలూ బోదా పరిచి, దానిపైన అడుగు మందాన మన్ను, అన్నిటికీ పైన చవుడు. కిటికీలు లేవనే చెప్పాలి. వెలుతురు రావడానికీ, పొయ్యి పొగ పోవడానికీ మిద్దెకు పెట్టిన గవాక్షి ఒక్కటే దారి. వాన వస్తే ఎవరో ఒకరు పైకెక్కి దాన్ని మూసి రావాలి.

చవుడంటే పైరు మొలవని నేల. అందులో సోడియం లవణాలు ఎక్కువ. తడిసినప్పుడు ఆ మట్టిలోని సన్నని రేణువులు విడిపోయి, సందులన్నీ పూడ్చేస్తాయి. నీరు లోపలికి ఇంకదు. చేనికి పనికిరాని మన్ను ఇంటికప్పుకు పనికొస్తుందని మా తాతకు ఎవరు చెప్పారో గాని, ఇందులోని రసాయనశాస్త్రం నాకు డిగ్రీకి వచ్చాకే తెలిసింది.

అయితే ఆ ఇల్లు స్వర్గమని నేను చెప్పబోవడం లేదు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు తెచ్చి పరచాలి. గంపలు మోసింది అమ్మా, అవ్వా. మధ్యాహ్నం కూడా లోపల చీకటే. పైనుంచి మన్ను రాలేది, ఒక్కోసారి తేలు రాలేది. నేను ఇంటర్మీడియట్ చదివేటప్పుడు హాస్టలు స్నేహితులు ఇద్దరు మా ఊరికి వచ్చారు. అన్నం తింటుంటే విస్తట్లో మన్ను రాలింది. వాళ్ళు ఏమీ అనలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్లయింది. ఆ ఏడే ఒక దూలం పుచ్చిపోయి, ఒక మూల ఉరవడం మొదలయింది. నాకు మంచి సాకు దొరికింది.

"అందరూ స్లాబు వేసుకుంటున్నారు నాయనా, మనమే ఇంకా మట్టికొంపలో ఉన్నాం" అని రోజూ పోరాను.

"దూలం పుచ్చితే దూలం మార్చుకోవాల గానీ, ఇల్లే పీకేస్తారంట్రా?" అంది అవ్వ.

"నీకు తెలీదులే అవ్వా" అన్నాను. ఆ మాట ఇప్పుడు వ్రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

నాయన చాలాసేపు ఆలోచించి, "సరేలేరా, సదువుకున్నోడివి, నువ్వు చెప్తాండావు కదా" అన్నాడు. అమ్మ మెళ్ళోని గొలుసు కుదవకు పోయింది. చాలనిదానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. మట్టిమిద్దె కూలడానికి మూడు రోజులు పట్టింది. సన్నని ఇటుక గోడలు, అయిదంగుళాల స్లాబు, పడమటికి ఒక పెద్ద కిటికీ. గృహప్రవేశం నాడు నా అంత సంతోషించినవాడు లేడు.

మొదటి ఎండాకాలం వచ్చింది. పగలు ఎట్లాగో గడిచేది. పొద్దు వాలాక మొదలయ్యేది అసలు బాధ. బయట గాలి చల్లబడుతున్నా స్లాబు మాత్రం నిప్పులు కక్కేది. ఫ్యాను వేస్తే ఆ వేడినే కిందికి తోసేది. ఒక రాత్రి కరెంటు పోయింది. అవ్వ నీళ్ళకని లేచి అట్లాగే కూలబడింది. వాకిట్లోకి మోసుకొచ్చి, తడిగుడ్డ వేసి, తెల్లవారి ఆసుపత్రికి తీసుకుపోతే సెలైను ఎక్కించారు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. "పొయ్యికింద పండుకున్నట్లుందిరా" అని మాత్రం అంది. నాయన అప్పటినుంచీ ఎద్దులకొట్టంలో, బోదకప్పు కింద పడుకోసాగాడు. అప్పుచేసి కట్టిన ఇంట్లో ఎండాకాలం ఎవరమూ నిద్రపోలేదు.

ఆ తర్వాత కాలేజీలో ఉష్ణవాహకత పాఠం వచ్చింది. పగటి వేడి, రాత్రి చల్లదనం ఇరవైనాలుగు గంటల అల వంటివి. కప్పు లోపలికి పోయేకొద్దీ ఆ అల చిన్నదవుతుంది, ఆలస్యమూ అవుతుంది. క్లాసు అయిపోయాక నోటుబుక్కు వెనుక మా ఇంటికి లెక్క వేశాను. అయిదంగుళాల కాంక్రీటు గుండా ఆ అలలో సుమారు నలభై పాళ్ళు, మూడు గంటల పైచిలుకు ఆలస్యంగా కిందికి వస్తుంది. అంటే మధ్యాహ్నపు మంట మనం అన్నానికి కూర్చునే వేళకు దిగుతుందన్నమాట. అడుగు మందం పొడిమట్టి గుండా పదోవంతు కూడా రాదు. వచ్చేదైనా సుమారు పది గంటల తర్వాత, నడిరేయికి. మా అవ్వ ముప్పై నలభై ఏళ్ళు ఏ కప్పు కింద పడుకుందో నాకు అప్పుడు అర్థమయింది. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. ఇంట్లో మాత్రం అంతకుముందే తప్పాను.

మరి మళ్ళీ మట్టిమిద్దెలకే పోవాలా? అంత దూలాల కలప ఇప్పుడు ఎక్కడుంది, గంపలు ఎవరు మోస్తారు? లైబ్రరీలో చదివితే దారులు వేరే ఉన్నాయని తెలిసింది. ఇంగ్లండులో 1917లో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన లారీ బేకర్ అనే వాస్తుశిల్పి ఇటుకలను నిలువుగా పేర్చి, గోడ మధ్యలో గాలి ఉండేటట్లు కట్టించేవాడు. ఇటుక దాదాపు నాలుగోవంతు ఆదా, లోపలికి వేడి తక్కువ. స్లాబులో బరువు మోయని అడుగుభాగాన పాత పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించేవాడు. మా పాత ఇంటి పక్కనే పడివున్న పెంకులను మేము పునాదిలో పూడ్చాము!

సిమెంటు తగ్గడం అంటే డబ్బు తగ్గడమే కాదు. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. బట్టీకి వేసే బొగ్గు సంగతి వేరే.

కట్టేసిన స్లాబుకు మందేమిటని వెతికితే దొరికింది మరీ చిన్నది. తెల్లని కప్పు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ఒక కూల్‌రూఫ్ విధానాన్ని ప్రకటించింది. నిరుడు ఉగాది సెలవుల్లో నేనూ నాయనా మిద్దెకు మూడుసార్లు చిక్కగా సున్నం కొట్టాము. అయిన ఖర్చు నా ఒక నెల మెస్సు బిల్లులో సగం లేదు. ఆ రాత్రి అమ్మ పైకి చెయ్యెత్తి, గోడమీద నిచ్చెన ఆనించి మరీ స్లాబును తాకి చూసి, "కాల్డంలేదే" అంది. అవ్వ లోపల పడుకుంది. పడమటి కిటికీకి ఈతాకు చాప పందిరి వేశాము, ఎదురుగా వేపమొక్క నాటాము. మట్టిమిద్దె చల్లదనం రాలేదు, రాదు కూడా. నిద్ర మాత్రం వచ్చింది.

మన కళాశాలలోనే చూడండి. పాత బ్లాకులో ఎత్తైన కప్పు, వెడల్పాటి వరండా, ఎదురెదురు కిటికీలు ఉన్నాయి. ఏప్రిల్ పరీక్షలకు అందరమూ ఆ గదులే పడాలని కోరుకుంటాము. కొత్త బ్లాకు మీద కొన్ని బస్తాల సున్నం కొట్టడం మన విద్యార్థి సంఘానికి మించిన పని కాదు. వచ్చే ఎండాకాలానికి ముందు ఒక ఆదివారం అందరం కలిసి ఆ పని చేద్దామని నా మనవి. మొదటి బకెట్టు నేను మోస్తాను.

ఇంటి అప్పు ఇంకా తీరలేదు. పాత దూలాలను నాయన అమ్మలేదు, కొట్టంలో పేర్చిపెట్టాడు. సున్నం ఒక వానాకాలానికి వెలిసిపోతుంది, దుమ్ము పడుతుంది. ఏటా కొట్టక తప్పదు. మొన్న సంక్రాంతికి పోతే అవ్వ అడిగింది: "ఏమ్రా, ఈసారి మిద్దె ఎప్పుడెక్కుతావు?"

చవుడు పరిచే రోజుల్లో నాయనను కూడా సరిగ్గా ఇట్లాగే అడిగేది.