రెండు కొమ్ముల ముల్లు

అమెరికాలోని చాండ్లర్ వచ్చిన ఏడాదే సైకిలు కొన్నాను. మూడో వారానికే ముందు చక్రం చతికిలబడింది. గరాజులో సైకిలు తలకిందులుగా నిలబెట్టి చూస్తే, టైరును కరుచుకుని ఎండు కాయ ముక్క ఒకటి, రెండు కొమ్ములతో. ఇక్కడివాళ్ళు దాన్ని గోట్‌హెడ్ అంటారు, మేకతల. నాకు మాత్రం చూడగానే అరికాలు జివ్వుమంది. పల్లేరుకాయ! చిన్నప్పుడు బీట్లో బంతి కోసం పరిగెత్తి, ఒంటికాలి మీద గెంతుతూ పీక్కున్న పల్లేరే.

కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది. ముక్క ఎలా పడినా కొమ్ము పైకే చూస్తూ ఉంటుంది. అమెరికా వాళ్ళు దీని మీదికి 1961లో రెండు జాతుల ముక్కుపురుగుల్ని వదిలారు. వాటి పుట్టిళ్ళలో మన దేశమూ ఒకటి. అయినా పల్లేరు పూర్తిగా పోలేదు, నా ట్యూబులే సాక్ష్యం. ఇదే పల్లేరును పొడి చేసి సీసాలో పోస్తే, కండలు పెంచే మాత్రలని ఇక్కడి జిమ్ కుర్రాళ్ళు డబ్బిచ్చి కొనుక్కుంటారు.

మా ఊళ్ళో అయితే పంక్చరు పడిన చోటి నుంచి నాలుగడుగులు వేస్తే సైకిల్ షాపు. ఇక్కడ కన్సాలిడేటెడ్ కాలవ గట్టున పాసెయో ట్రెయిల్ మీద గాలి పోతే అటు నీళ్ళు, ఇటు పెరటి గోడలు. జూన్‌లో ఎండ 110 డిగ్రీలు, మన లెక్కలో 43. ఆ ఎండలో సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చిన రోజే పంపు, ప్యాచీలు కొన్నాను.

ఆ కాలవ కంపెనీ పెట్టిన అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ పశువుల డాక్టరు. 1912లో ఈ ఊరు వేసిందీ ఆయనే. 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న జాన్ బాయిడ్ డన్‌లప్ కూడా పశువుల డాక్టరే. గట్టు ఒకరిది, గాలి ఒకరిది. మధ్యలో ముల్లు మా ఊరిది.

పంక్చరు వేయడం నాకు తెలుసనే అనుకున్నాను. రైసుమిల్లు గోడవార షాపు బాబాయి దగ్గర ఎన్ని సాయంత్రాలు కూర్చోలేదు! ట్యూబుకు గాలికొట్టి నల్లటి నీళ్ళ బొచ్చెలో ముంచడం, బుడగలొచ్చిన చోట గుర్తు పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ రాయడం, ప్యాచీ అతికించడం. అన్నీ అలాగే చేశాను. అతికించిన ప్యాచీ మర్నాటికి అరటితొక్కలా ఊడొచ్చింది.

రెండోదీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది. సొల్యూషన్ రాశాక బాబాయి ట్యూబును మోకాలి మీద వదిలేసి, ఎదురుకొట్టాయనతో రాజకీయాలు మొదలెట్టేవాడు. స్కూలుకు టైమవుతోందని నేను గింజుకుంటుంటే, “ఉండరా అబ్బాయ్, తొందరేంటి” అనేవాడు. బద్ధకం అనుకున్నాను. సొల్యూషన్ తడి ఆరి, వేలికి అంటనంతవరకూ ఆగాలని ఆయన చెప్పలేదు, నేనడగలేదు. నేను నేర్చుకున్న పనిలో ఆ రాజకీయాలే తప్పిపోయాయి. ఇక్కడి ఎండకాలం గరాజులో అంత చర్చ అక్కర్లేదు, నిమిషంలో ఆరిపోతుంది. మూత తీసిన సొల్యూషన్ గొట్టం కూడా తర్వాతి పంక్చరు నాటికి గట్టిపడి కూర్చుంటుంది.

మిగతా పనులు పెద్ద లెక్కలోవి కావు. చైనుకు మనవాళ్ళలా నూనె ఓడేలా పోయకూడదు. ఈ ఎడారి దుమ్ము నూనెతో కలిస్తే గరుకు కాగితమే. మైనం లాంటి పొడి మందు రాసి తుడవాలి. బ్రేకు రబ్బర్లు అరిగితే మార్చడం పావుగంట పని. చక్రం బెండు తీయడం మాత్రం నా వల్ల కాదు. ఒక స్పోకు బిగిస్తే ఇంకోవైపు వంకర పోతుంది. ఆ విద్య షాపువాళ్ళకే వదిలేశాను.

మొన్న శనివారం మా అమ్మాయి సైకిలు. ముల్లు పీకాను, ప్యాచీ వేశాను, దాని కబుర్లు వింటూ ఆరబెట్టాను కూడా. టైరు ఎక్కించబోతుంటే, “ఆగు నాన్నా” అంటూ లోపలివైపు గుడ్డతో మెల్లగా తడుముకుంటూ పోయింది. నేను ఎప్పుడూ సగం చుట్టే చూస్తాను, ముల్లు దొరికిందిగా అని.

గుడ్డ ఒకచోట పట్టేసింది.

“రెండో కొమ్ము ఇక్కడే విరిగింది. పట్టకారు ఇవ్వు.”