ఖాళీ చేసిన యిల్లు

అద్దె యింట అడుగుపెట్టువానికి మన పెద్దలు విధించిన విధులు తక్కువ కావు. తిథివార నక్షత్రములు చూచుకొనవలెను. ఆషాఢ పుష్యములను విడువవలెను. దేవుని పటమును, పసుపు కుంకుమలను, ఉప్పును ముందుగా లోనికి గొనిపోయి, పొయ్యి వెలిగించి, పాలు పొంగించి, ఆ పాలతో వండిన పరమాన్నము ఇరుగుపొరుగులకు పంచిన పిమ్మట గాని మూటలు విప్పరాదు. కాని ఆ యింటినే విడిచి పోవునాడు చేయవలసినదేమి యని యడిగినచో, పాత చీపురును కొత్త యింటికి గొనిపోరాదను నిషేధమొక్కటి తప్ప మనకు స్ఫురించు నియమమేదియు లేదు. ఆ చీపురును మూలన నిలబెట్టి, దానితోపాటు చిరిగిన చాపను, పగిలిన బక్కెట్టును, ఖాళీ మందుసీసాలను, పాత పరీక్ష పత్రముల కట్టలను గూడ అచటనే వదలి లారీ యెక్కిపోవుట లోకాచారమైనది. ప్రవేశమునకు గల గౌరవము నిష్క్రమణమునకు లేకపోవుట మన గృహధర్మమున నొక పెద్ద లోపమని నేను చాల కాలముగా తలంచుచున్నాను. అరకులోయలోని అద్దె యిండ్ల సంగతి దగ్గఱనుండి చూచిన తరువాత ఆ తలంపు మఱింత దృఢపడినది.

అరకులో అద్దెకుండువారిలో పెక్కురు ఉద్యోగరీత్యా మైదానమునుండి కొండ యెక్కినవారు: ఉపాధ్యాయులు, నర్సులు, బ్యాంకు గుమాస్తాలు. బదిలీ వచ్చువఱకు నుందురు; వచ్చినంతనే దిగిపోదురు. ఇంటివారు గిరిజనులు. ఇది యాదృచ్ఛికముగా జరిగినది కాదు. ఏజన్సీ ప్రాంతమున స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి పోరాదని 1959లో చేసిన భూబదలాయింపు నిబంధనలను 1970లో కట్టుదిట్టము చేసిరి. మన్యములో పిన్నపెద్దలెల్లరు ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పలుకు చట్టమదియే. అందు బదలాయింపు అను మాటలో విక్రయము, తనఖా, దానములతోపాటు కౌలు కూడ చేరియున్నది. కావున బయటినుండి వచ్చినవాడు ఇచట ఎన్ని యేండ్లు కాపురమున్నను ఒకరి యింట నున్నవాడే కాని తన యింట నున్నవాడు కాడు; ఇచటి అద్దెలు పత్రముల బలముకంటె నోటిమాట బలముపైననే నడచుచున్నవి. నోటిమాటపై నడచు వ్యవహారమున పోవువాడు ఇంటిని వదలిన తీరే అతని మాటకు సాక్ష్యము. కాఫీ పండ్లు కోసి, సంతలో పసుపును రాజ్మాను అమ్మి కూడబెట్టిన డబ్బుతో రెండు గదులు కట్టించి, ఆ అద్దెతో పిల్లను విశాఖపట్టణమున చదివించుకొను ఇల్లాలికి, ఒక గది శుభ్రము కాక నెల దినములు తాళము వేసియుండుట యనగా ఆ నెల హాస్టలు ఖర్చు చేతికి రాకపోవుట.

ఈ లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. జూను నడుమ మొదలైన వాన శరత్తు వచ్చువఱకు పూర్తిగా విడువదు. మబ్బు కిటికీలోనుండి లోనికి వచ్చి దుప్పట్లను చెమ్మగిల్లజేయును. గోడకు చేరవేసిన బీరువా వెనుక గాలి యాడదు గనుక అచట నల్లని బూజుమచ్చలు లేచును. శీతకాలమున చలికోర్వలేక కుంపటి పెట్టుకొన్న గదిలో దూలములకు, రేకులకు మసి పట్టును. ఈ మచ్చలలో ఏది కాపురమున్నవాని తప్పు, ఏది కొండగాలి పని? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము తన 108వ విభాగమున ఈ చిక్కును విప్పినది: న్యాయమైన వాడుకవలన కలుగు అరుగుదలను, ఆపశక్యముగాని ఉపద్రవములవలన కలిగిన మార్పులను మినహాయించి, తాను స్వాధీనము చేసికొన్ననాడు ఆస్తి ఏ స్థితిలో నుండెనో ఆ స్థితిలోనే కౌలుదారు దానిని అప్పగింపవలెను. అంతకు మించిన న్యాయము నాకెచటను కనబడలేదు. దానిని ఈ కొండకన్వయించి చూచినచో, గోడకెక్కిన చెమ్మ యింటివారిది. ఆ చెమ్మపై మొలచిన బూజును ఏడాది పొడుగున తుడువక వదలుట అద్దెవానిది. సున్నము వెలిసిపోవుట కాలము చేసిన పని. దానిపై నూనెచేతుల జిడ్డు, కాలెండర్ల కొఱకు కొట్టిన మేకుల తూట్లు మనుష్యులు చేసినవి. గచ్చు అరుగుట వేఱు. గచ్చుపై కట్టెలు చీల్చి బీటలు వేయించుట వేఱు.

ఇక శుభ్రపఱచు పనికి వచ్చినచో, అందులకు కావలసిన సాధనములలో ముఖ్యమైనవన్నియు ఈ కొండలలోనే పుట్టుచున్నవని తలంచినప్పుడు నాకు సంతోషము కలుగును. శీతకాలము చివర గిరిజన స్త్రీలు వాలులపైనుండి కోసితెచ్చు కొండచీపురు పూలగెలలే దేశమంతట ఇండ్లను ఊడ్చుచున్నవి. 1956లో స్థాపింపబడి విశాఖపట్టణము కేంద్రముగా పనిచేయుచున్న గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేయు అటవీ ఫలసాయములో చీపుళ్లును, కుంకుడుకాయలును గలవు. ఆ చీపురునే పొడుగు కఱ్ఱకు కట్టి పైకప్పునుండి పని ప్రారంభింపవలెను: ముందు దూలములు, చూరు, అటక, తరువాత గోడలు, కిటికీ ఊచలు, తుదకు నేల. ఈ క్రమము తప్పినచో చేసిన పనినే రెండుమార్లు చేయవలసి వచ్చును. వంటయింటి గూళ్ల జిడ్డునకు కుంకుడు రసము కలిపిన వేడినీళ్లు ఒక గంట పట్టించి, కొబ్బరిపీచుతో తోమినచో చాలును. త్వరగా ముగింపవలెనను ఆతురతతో గచ్చుపై యాసిడు పోయువారిని చూచితిని; అది మరకతోపాటు సిమెంటును గూడ తినివేసి, మరుసటి మరక మఱింత లోతునకు దిగుటకు దారి చేయును. స్నానపుగదిలో యాసిడును, బ్లీచింగు పొడిని కలిపి వాడుటయో ప్రాణాపాయము. ఆ రెంటి కలయికవలన పుట్టునది క్లోరిను అను విషవాయువు.

గోడలకు సున్నమును మించిన మందు లేదు. రాత్రి నానవేసి, విరిసి చల్లారిన సున్నమును గుడ్డలో వడగట్టి, కొంచెము బంకయు, నీలియు చేర్చి, గోడను తడిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. తన క్షారగుణముచేత అది బూజును మొలవనీయదు. పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల సున్నపురాయియే యగును. ఇచటికి కొలది దూరమున, బొఱ్ఱా గుహలలో, నీటిబొట్లు యుగయుగములుగా కట్టుచున్న స్తంభములయొక్క పదార్థమును, రెండు గదుల యింటి గోడపై ఆరిన తెల్లని పొరయొక్క పదార్థమును ఒక్కటే యని యెఱిగిన తరువాత వెల్లవేయు పనిని చిన్నచూపు చూడజాలము.

మన్యమున మాత్రము వెల్లకు పూనుకొనుటకు ముందు ఊరి ఆశా కార్యకర్తను ఒక మాట అడుగవలెను. మలేరియాను నివారించుటకై ఆరోగ్యశాఖవారు ఇండ్ల లోపలి గోడలకు మందు పిచికారీ చేయుదురు. రక్తము త్రాగిన దోమ గోడపై వ్రాలి విశ్రమించును గనుక, సుమారు పది వారములు నిలిచియుండు ఆ మందు దానిని అచటనే చంపును. పిచికారీ యైన గోడను వెంటనే కడిగినను, సున్నము కొట్టినను ఆ రక్షణ నశించును. కావున ముందు సున్నము, పిదప మందు. అంతకంటె విచారకరమైనది తాళము వేసిన యిల్లు: పిచికారీవారు వచ్చి, తలుపు తట్టి, వెళ్లిపోదురు, కొత్తగా వచ్చువాడు, కొండ దోమకు అలవాటుపడని మైదానపువాడు, రక్షణలేని గదిలో నిద్రించును.

ఊళ్లలోని మట్టియిండ్లకు మురికి బెడద లేదనవచ్చును. పండుగ దగ్గఱకు వచ్చినంతనే ఆ యింటి స్త్రీలు గోడలకు ఎఱ్ఱమట్టి పూసి, నేల పేడతో అలికి, ఏటికి పలుమార్లు ఇంటిని కొత్తదిగా చేసికొందురు. మురికికి పేరుకొనుటకు వ్యవధి యుండదు. అట్టి చేతులు గలవారే అద్దె కొఱకు సిమెంటు గదులు కట్టి, మూడు నాలుగేండ్ల మసిని ఒక్కసారిగా గోకవలసి వచ్చినప్పుడు పడు శ్రమను ఎవరును లెక్కింపకున్నారు. విశాఖపట్టణమున నైనచో యంత్రములతో వచ్చి ఒక పూటలో ఇల్లంతయు కడిగిపోవు సంస్థలు గలవు. వాని రశీదు చూపి యజమాని అడ్వాన్సులో కోసికొనును. ఇంగ్లండులో, మన తెలుగు విద్యార్థులనేకులు అద్దె గదులలో నుండుచోట, 2019 జూను 1 నుండి అమలైన చట్టము ఈ రశీదుల బలవంతమును మాన్పినది: వచ్చిననాటి శుభ్రతతో అప్పగింపుమని యజమాని కోరవచ్చును గాని, ఫలానా సంస్థకు రుసుము చెల్లింపుమని నిర్బంధింపరాదు. మన కేంద్రప్రభుత్వము 2021లో రాష్ట్రములకు పంపిన నమూనా అద్దె చట్టము నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు, వెల్లవేయుట యజమాని వంతు, కాలువలు శుభ్రపఱచుట, కుళాయిలు మార్చుట అద్దెవాని వంతు అనియు పంచినది. నాకిది సమంజసముగనే తోచుచున్నది. ఇంటివారు సున్నము ఖర్చును అడ్వాన్సులో రాబట్టజూచుట తప్పే. ఆ పంపకములో కనబడనిది ఒక్కటి: సున్నము పూయుటకు ముందు ఆ గోడమీది జిడ్డును వదలించు పని.

దీపపు వెలుతురున చూచినచో మసి దాగును. కావున పగటివేళ, సామానంతయు బయట పెట్టిన తరువాత, ఇంటివారును అద్దెవారును కలిసి గదిగదియు తిరిగి, మీటరు అంకెలు వ్రాసికొని, తగ్గింపదలచినది ఏ పనికి ఎంతయో నోరార చెప్పుకొని, మిగిలిన అడ్వాన్సు అప్పుడే ముట్టజెప్పుట ఉభయులకు మేలు. ఆ లెక్కలో ఇల్లాలి రెండు దినముల కూలి తప్పక చేరవలెను. చదువుకొన్న పంతులుగారిని డబ్బు అడుగుటకు ఆమె సంకోచించును గనుక, అడుగకముందే ఆయనయే ఇచ్చిపోవలెను. ఇచ్చుటకు మనసొప్పనిచో ఒక దినము ముందుగా మూటలు కట్టి, మిగిలిన దినమున తానే చీపురు పట్టవలెను.