హజ్రత్ ఇచ్చిన పెంకు ముక్క

2024 ఫిబ్రవరిలో మా అన్న కొడుకు షాదీకి బేటీ, దామాద్ ఇద్దరూ జెనీవా నుంచి పాకాల వచ్చినారు. వలీమా అయిన మర్నాడు, ఇంట్లో దేగ్‌లు ఇంకా కడగనే లేదు, బేటీ నా పక్కన కూర్చుని ఫోనులో ఒక నక్షా చూపించింది. ఫ్రాన్సులో షామొనీ అనే ఊరు, స్విట్జర్లాండులో జెర్మాట్ అనే ఊరు. రెండింటి మధ్య ఆల్ప్స్ కొండలు. ఆరు రోజుల్లో ఈ ఊరి నుంచి ఆ ఊరికి మంచు మీద స్కీ పలకలతో పోవాలంట. "రంజాన్ ఈద్ అయినాక పోదామనుకుంటున్నాం అబ్బా, మీ ఇజాజత్ కావాల" అనింది.

దామలచెరువు మండీలో మామిడికాయల యాపారం చేసుకునే వాణ్ణి నేను. నాకు తెలిసిన చలి హార్స్‌లీ కొండ మీది చలి. అది 1,300 మీటర్లకు లోపే. నాకు తెలిసిన ఐసు చేపల పెట్టెలోది. వీళ్ళు 3,000 మీటర్ల పైన రాత్రుళ్ళు పడుకుంటారంట.

స్కీ అంటే టీవీలో చూపించినట్టు పైనుంచి కిందికి జారడమే అనుకునేవాణ్ణి. పైకి పోవడానికి తీగ మీద వేలాడే డబ్బాలు ఉంటాయి గదా. ఇది అట్ల కాదంట, ఎక్కడం కూడా ఆ పలకల మీదే. పలక అడుగున పొడుగ్గా ఒక బొచ్చు పట్టీ అంటిస్తారు. ఆ బొచ్చు ఒక దిక్కుకే వాలి ఉంటుంది. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి పోబోతే మంచును పట్టుకుంటుంది. బూటు ముందు కొస మాత్రం పలకకు బిగించి ఉంటుంది, మడమ లేస్తుంది, అట్ల అడుగులో అడుగు వేసుకుంటూ ఎక్కాల. పైకి చేరినాక పట్టీ పీకి సంచిలో పెట్టుకుని, మడమ కూడా బిగించి దిగాల. వెనక కాలంలో ఆ పట్టీ సీల్ అనే సముద్ర జంతువు తోలుతో చేసేవాళ్ళంట, ఇప్పుడు అంగోరా మేక బొచ్చు, నైలాను. మేక అనగానే మా ఆమె "అయితే హలాలే" అనింది. దామాద్ చదువుకున్న పిల్లోడు. 14వ శతాబ్దం మొదట్లో ఇల్‌ఖానీల వజీరు రషీదుద్దీన్ ఫార్సీలో రాసిన జామివుత్తవారీఖ్‌లో కూడా, పలకలు కట్టుకుని మంచు మీద జారుతూ వేటాడే అడవి జనం సంగతి ఉందని చెప్పినాడు. నన్ను మెత్తబరచడానికేనని నాకు తెలుసు.

నాలుగేళ్ళుగా ఇద్దరూ నేర్చుకుంటున్నారంట. ఆ సంగతి మాకు చెప్పనే లేదు.

నా దిల్‌లో అప్పటికే ఒక పేరు మెదులుతా ఉంది. మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా సంగం దగ్గర గాంధీ జన సంఘం ఆయన ఊరు. 2006 జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్ ఎక్కి మొదలుపెట్టి, జూలై 10న అలాస్కాలో డెనాలీ ఎక్కి ముగించినాడు. ఏడు ఖండాల్లో ఏడు శిఖరాలు, 172 రోజులు. దర్గాకు మొక్కుకుని బిడ్డకు మస్తాన్ అని పేరు పెట్టుకునే హిందువుల ఇండ్లు నెల్లూరు, గుంటూరు వైపు ఎన్నో ఉన్నాయి. అందుకో ఏమో, ఆ పేరు వింటే మా ఇంటి పిల్లోడే అనిపించేది. 2015 మార్చి 24న చిలీ, అర్జెంటీనాల మధ్య ఆండీస్ కొండల్లోకి ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదట్లో శవం దొరికింది, ఆ నెలలోనే సొంతూరికి తెచ్చినారు. అన్ని కొండలు ఎక్కినోడికే అట్లయితే, మండీ గుమాస్తాల మధ్య పెరిగిన నా బిడ్డ ఎంత?

వద్దనడానికి నాకు నోరు రాలేదు. అందుకని ఒక చాలాకీ చేసినా. "మంచులో వజూ ఎట్ల? నమాజు ఎట్ల? మసీదుకు పోయి హజ్రత్‌ను అడిగి రాండి" అన్నా. నేను అనలేని మాట ఆయన అంటాడని నా ఉమ్మీద్.

హజ్రత్ అనలేదు. పైగా ఆయన మొహం వెలిగిపోయింది. ముప్పై ఏండ్లుగా పిల్లలకు తోలు మేజోళ్ళ మీద మసహ్ చేసే బాబ్ చదివిస్తున్నాడంట, ఒక్కరూ నిజంగా అవసరమై అడిగినోళ్ళు లేరంట. మన పాకాల ఎండల్లో హవాయి చెప్పులు తప్ప మోజాలు ఎవరు తొడుగుతారు? జొహర్ నుంచి అసర్ దాకా కూర్చోబెట్టి చెప్పినాడు. వజూతో బూట్లు తొడుక్కోవాల. చీలమండ మూయాల, నీళ్ళు లోపలికి దిగకూడదు. మళ్ళీ వజూ చేసేటప్పుడు కాళ్ళు కడగనక్కర లేదు, తడి వేళ్ళతో పైన తుడిస్తే చాలు. ఇంటి దగ్గర ఉన్నోళ్ళకు ఒక పగలు ఒక రాత్రి, ముసాఫిర్‌కు మూడు పగళ్ళు మూడు రాత్రులు. అయితే బూటు తీసిన మరుక్షణం మసహ్ పోతుంది, కాళ్ళు కడుక్కోవాల్సిందే. నమాజు ఖసర్. తయమ్ముమ్ మంచు మీద కాదు, మట్టి జాతి దాని మీదే. ఉన్న నీళ్ళు తాగడానికే సరిపోయేట్టుంటే తయమ్ముమ్ చేసుకోవచ్చు. అమ్ర్ బిన్ ఆస్ రజియల్లాహు అన్‌హు ఒక చలి రాత్రి గుస్ల్ బదులు తయమ్ముమ్ చేసి నమాజు చదివించిన వాకియా కూడా చెప్పినాడు. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆ జవాబు విని నవ్వినారే గాని ఏమీ అనలేదంట.

"మరి అక్కడంతా మంచే గదా హజ్రత్, మట్టి ఎక్కడుంటుంది?" అనింది బేటీ. ఆయన లేచి పోయి, మదర్సా పాత కప్పు విప్పినప్పుడు గోడ వారన పేర్చిన పెంకుల్లో ఒకటి తీసి, రాతికి కొట్టి, అరచేయంత ముక్క తెచ్చి ఇచ్చినాడు. "మట్టే, కాల్చిన మట్టి. జేబులో పెట్టుకో" అన్నాడు. నా చాలాకీ అంతటితో సరి.

వాళ్ళు తిరిగి పోయినారు. మార్చి 9న, మనకు రంజాన్ చాంద్ కనిపించడానికి రెండు రోజుల ముందు, జెర్మాట్ నుంచి అరోలా వైపు స్కీల మీద బయల్దేరిన ఆరుగురు టేట్ బ్లాంష్ కొండ దగ్గర తుఫానులో చిక్కుకున్నారు. ఐదుగురి శవాలు దొరికినాయి, ఒకరు దొరకలేదు. ఆ దేశమోళ్ళే, కొండలు తెలిసినోళ్ళే. నక్షా తీసి చూసినా. మా బేటీ వాళ్ళ ఆరో రోజు దారి ఆ కొండ పక్కనుంచే పోతుంది.

ఫోన్ చేసి "నక్కో బేటా" అన్నా. ఇంకేం మాట రాలేదు. అది కొంచెం సేపు ఊరకుండి "మీరు నక్కో అంటే పోను అబ్బా" అనింది. గొడవ పడి ఉంటే నాకు సులువుగా ఉండేది. పోను అనేసరికి ఆ బరువంతా నా మీద పడింది.

రోజా మొత్తం అదే ఫికర్. బంధువుల్లో ఒకాయన "ఆడపిల్లకు కొండలెందుకు" అన్నాడు. శౌహర్ వెంటే ఉన్నాడు గదా అంటే, "అయినా" అన్నాడు. ఆ "అయినా" నాలో కూడా ఉందా అని ఆలోచించినా. కొంచెం ఉంది. కానీ నాది ఎక్కువగా భయమే. ఆ భయాన్ని వజూ మాటున, నమాజు మాటున దాచి హజ్రత్ దగ్గరికి పంపినా. దీన్ ముసాఫిర్‌కు ఇచ్చినంత ఛూట్ కూడా నేను నా బిడ్డకు ఇవ్వలేదు.

ఆఖరీ అష్రాలో ఒక రాత్రి తరావీహ్ నుంచి వచ్చి నేనే ఫోన్ చేసినా. మంచు కింద పడితే ఎట్ల అని మొదలుపెట్టి అన్నీ అడిగినా. ఛాతీ మీద ఒక యంత్రం కట్టుకుంటారంట, మంచులో కూరుకుపోయినోళ్ళ జాడ పక్కనోళ్ళ యంత్రంలో తెలుస్తుంది. సన్నటి పొడుగు కడ్డీ, పార అందరి దగ్గరా ఉంటాయి. పావుగంట లోపల తవ్వి తీస్తే బతికే ఆశ ఎక్కువ. మంచునదుల మీద పగుళ్ళు పైకి కనపడవు, అక్కడ తాడు కట్టుకుని ఒకరి వెనక ఒకరు పోతారు. పొద్దుటి పూట మంచు గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే మెత్తబడి జారుతుంది, అందుకని చీకటితోనే బయల్దేరి మధ్యాహ్నానికల్లా హట్ చేరాల. "కొండల్లో అందరూ ఫజర్‌కే లేస్తారు అబ్బా, అలారం పెట్టుకోని నమాజీ నేనొక్కదాన్నే" అని నవ్వింది.

"గైడు వెనక్కి పోదామంటే?"

"మారు మాట్లాడకుండా వెనక్కే."

"అల్లా మీద ఒట్టేయొద్దు, మాట ఇయ్యి చాలు" అన్నా. ఇచ్చింది.

వాళ్ళ ఈద్ ఏప్రిల్ 10న, మనది 11న. ఆ నెల చివర్లో బయల్దేరినారు. సంచిలో చెనక్కాయల పొడి, ఖర్జూరాలు. హట్లలో సూపు దేనితో చేస్తారో తెలియదు గదా, అందుకని రొట్టె, జున్ను, ఉడకబెట్టిన ఆలుగడ్డలతో గడిపినారంట. అక్కడ నాలుగున్నర అంటే మనకు ఎనిమిది. రోజూ ఎనిమిదికి చాయ్ ముందు పెట్టుకుని ఫోన్ చూస్తూ కూర్చునేవాణ్ణి. మామిడి ఇంకా దిగలేదు, మండీలో పని కూడా లేదు. మా ఆమె సదఖా తీసి పక్కన పెడతా ఉండేది.

మొదటి రాత్రి అర్జెంటియేర్ హట్, రెండోది త్రియాన్ హట్, 3,170 మీటర్ల ఎత్తులో. మూడో రోజు రోజాబ్లాంష్ కొండ వైపు ఎక్కుతుంటే జొహర్ వేళయింది, వజూ లేదు, సీసాలో నాలుగు గుక్కల నీళ్ళు. అప్పుడు పెంకు ముక్క తీసిందంట. ఇద్దరూ దాని మీదే తయమ్ముమ్ చేసి, పలకలు మంచులో నిలువుగా గుచ్చి, జాకెట్ పరుచుకుని రెండు రకాతులు చదివినారు. అక్కడ ఖిబ్లా ఆగ్నేయం వైపు. మనం ఇక్కడ పడమటికి కొంచెం ఉత్తరంగా తిరుగుతాం. అంటే నమాజులో నేనూ నా బిడ్డా ఎదురెదురుగా ఉన్నామన్నమాట. ఈ మాట తనే చెప్పింది. నేను ఫోన్ మా ఆమె చేతికిచ్చి బయటికొచ్చేసినా.

ఐదో రోజు పీన్య్ దరోలా, దాదాపు 3,790 మీటర్లు. అది దాటి వినియెట్ హట్‌కు చేరినారు. ఆ రాత్రి సూచన చూసి గైడు చెప్పేసినాడంట, రేపు గాలి, మబ్బు, జెర్మాట్ లేదు అని. పొద్దున్నే అరోలా ఊరికి దిగిపోయి బస్సెక్కినారు. బస్సులోంచి ఫోన్ చేసింది. ఏడుస్తా ఉంది. ఒక్క రోజు అబ్బా, ఒక్క రోజే మిగిలింది అని.

నా నోట్లో అల్హందులిల్లా వచ్చి ఆగింది. మనసులో అనుకుని, పైకి మాత్రం "ఆ కొండ ఎక్కడికీ పోదు బేటా" అన్నా. "అయితే వచ్చే ఏడు పోనిస్తారా?" అని వెంటనే అడిగింది. అందరు ఆడపిల్లల మాదిరే, ఏడుపులో కూడా బేరం మరిచిపోదు. "చూద్దాం" అన్నా.

జుమా నాడు హజ్రత్‌కు అంతా చెప్పినా. ఆయన జెర్మాట్ గురించి ఏమీ అడగలేదు. "పెంకు విరిగిందా?" అన్నాడు.

"రెండు ముక్కలైందంట హజ్రత్."

"మంచిది. దామాద్‌కొకటి, బేటీకొకటి" అని వజూ చేసుకోను లేచినాడు.