నూట పది డాలర్ల కంపెనీ!

సినిమాల్లో విదేశీ కంపెనీ పెట్టడం ఎంత తేలికో మీరెప్పుడైనా గమనించారా? ఇంటర్వెల్ ముందు హీరో చేతిలో ఒక పాత సూట్‌కేసు. ఇంటర్వెల్ తర్వాత అద్దాల మేడ, దానిమీద హీరో ఇంటిపేరుతో బోర్డు, లిఫ్టు దిగుతుంటే వరుసగా నిలబడి "గుడ్ మార్నింగ్ సార్!" అనే జనం. మధ్యలో ఒక పాట. ఆ పాట సాగిన నాలుగు నిమిషాల్లో హీరో ఎన్ని ఫారాలు నింపాడో, ఎవరెవరికి ఎంతెంత ఫీజు కట్టాడో ఏ దర్శకుడూ చూపించడు. చూపిస్తే జనం లేచి వెళ్ళిపోతారు!

నేను ఆ ఫారాల సినిమా మొత్తం చూశాను. టిక్కెట్టు ఖరీదు నాలుగు లక్షలు. పక్క సీట్లో కూర్చున్న నా స్నేహితుడి టిక్కెట్టు ఇంకా ఎక్కువ. వాణ్ణి ఆ హాలుకి తీసుకువెళ్ళింది నేనే. అందుకే ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

పేరు వెయ్యొద్దన్నాడు గనక "మనవాడు" అందాం. మాది బెజవాడ. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల వాకిళ్ళలో తిరుగుతూ పెరిగాం ఇద్దరం. వాడు ఒక పంపిణీ ఆఫీసులో కలెక్షన్ల లెక్కలు చూసేవాడు. నేను బి.కాం. పాసై, ఉద్యోగం వెతుక్కోకుండా సినిమా వార్తలు వ్రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి.

2017లో "బాహుబలి" రెండో భాగం ఉత్తర అమెరికాలో 20 మిలియన్ డాలర్లు దాటింది. 2022లో "ఆర్ ఆర్ ఆర్" వచ్చింది. అప్పటినుంచీ మనవాడికి నిద్ర లేదు. "ఒరేయ్, పెద్ద సినిమాలు మనకి అందవు. చిన్న సినిమాలు కొని, డల్లాస్ చుట్టుపక్కల పది పన్నెండు హాళ్ళలో వేసుకుంటే చాలు. మా బావ అక్కడే ఉన్నాడు. మనకంటూ ఒక కంపెనీ ఉండాలి!" అనేవాడు. నేను అప్పటికే ఓవర్సీస్ మార్కెట్ మీద రెండు వ్యాసాలు వ్రాసి ఉన్నాను. అందులో నేను చెప్పినవన్నీ కలెక్షన్లే. ఖర్చుల ఊసు ఒక్క వాక్యం లేదు.

పెట్టె వెళ్ళడం, పెట్టె రావడం

2023లో ఒక ఏజెన్సీ ప్రకటన చూపించాడు. అమెరికాలో డెలావేర్ అనే చిన్న రాష్ట్రం. అక్కడ కంపెనీ పెట్టాలంటే మనిషి వెళ్ళక్కర్లేదు, పౌరుడై ఉండక్కర్లేదు, మూలధనం ఇంత ఉండాలన్న షరతు లేదు. ఎల్.ఎల్.సి. అనే రకం కంపెనీకి ప్రభుత్వ ఫీజు 110 డాలర్లు. ఏజెన్సీ తన కమీషను, మిగతా హంగులూ కలిపి 499 డాలర్లకి మొత్తం చేసిపెడుతుంది. "నువ్వు బి.కాం. కదా, ఓసారి చూడు" అన్నాడు.

చూశాను. సింగపూర్ లెక్క కూడా వేశాను. అక్కడ పేరుకీ రిజిస్ట్రేషన్‌కీ కలిపి 315 సింగపూర్ డాలర్లే గాని, అక్కడే నివసించే డైరెక్టరు ఒకరు తప్పనిసరి. మనకి ఎవరూ లేకపోతే అద్దె డైరెక్టర్‌ని ఏటేటా పోషించాలి. దానితో పోలిస్తే డెలావేర్ పుణ్యక్షేత్రంలా కనిపించింది. "చవకేరా, దిగు" అన్నాను. నా బి.కాం. చదువు ఉపయోగపడింది ఆ ఒక్క మాటకే!

గాంధీనగర్‌లో మాకు తెలిసిన ఒక పాతకాలపు డిస్ట్రిబ్యూటరు గారు ఉన్నారు. మేమిద్దరం బాబాయ్ అంటాం. ఆయనకి చెబితే నవ్వి, "ప్రింట్ల రోజుల్లో మేము రెండు లెక్కలు వేసేవాళ్ళంరా. పెట్టె వెళ్ళడానికి ఎంత, పెట్టె తిరిగి రావడానికి ఎంత? మీరు వెళ్ళడానికి ఎంతో చెప్పారు. రెండోది చెప్పండి" అన్నారు. పాతకాలం మనిషి, ఇప్పుడంతా కంప్యూటర్లో పంపుతారు, పెట్టెలెక్కడివి అనుకుని నవ్వుకున్నాం.

గాజులు

మొత్తం 20 లక్షలు అనుకున్నాం. మనవాడి నాన్నగారు ఆర్.టి.సి.లో రిటైరయినప్పుడు వచ్చిన దాంట్లోంచి 12 లక్షలు. వాడు దాచుకున్నవి నాలుగు. నావి నాలుగు. కంపెనీ వాడి ఒక్కడి పేరునే ఉంటే పని తేలికని చెప్పారు గనక, నా డబ్బు వాడికి చేబదులు క్రింద ఇచ్చాను.

2023 నవంబరులో బ్యాంకుకి వెళ్ళాం. మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చని రిజర్వు బ్యాంకు పథకం ఉంది గదా, మనదెంత అనుకున్నాం. బ్యాంకులో చెప్పిన మొదటి సంగతి: విదేశీ కంపెనీలో పెట్టుబడి అంటే ముందు దానికి ప్రత్యేకమైన ఫారం నింపాలి, నంబరు తెచ్చుకోవాలి, ఆ తర్వాతే డబ్బు కదులుతుంది. రెండో సంగతి: ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి, ఏడు లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం పన్ను ముందుగానే వసూలు చేస్తారు. (2025 ఏప్రిల్ నుంచి ఆ ఏడు లక్షలు పది లక్షలయ్యాయి.) పదమూడు లక్షల మీద 20 శాతం, అంటే 2 లక్షల 60 వేలు!

అది పోయే డబ్బు కాదు. రిటర్ను వేసినప్పుడు సర్దుతారు, ఎక్కువైతే తిరిగి ఇస్తారు. కాని ఇవ్వాల్సింది ఇవాళ, వచ్చేది వచ్చే ఏడాది. మా దగ్గర ఉన్నది సరిగ్గా ఇరవై. మనవాడి అమ్మగారు లోపలికి వెళ్ళి, నాలుగు గాజులు రుమాల్లో చుట్టి తెచ్చి వాడి చేతిలో పెట్టారు. "ఏడాదిలో వచ్చేస్తుందంటున్నావుగా, తీసుకెళ్ళు" అన్నారు. నావైపు చూసి, "నువ్వు చూశావు గదా బాబూ లెక్కలు?" అన్నారు.

"చూశాను పిన్నిగారూ" అన్నాను.

సన్యాసి, పిల్లి, ఆవు

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని పెంచాడు. పిల్లికి పాల కోసం ఆవుని కొన్నాడు. ఆవుకి మేత కోసం పొలం, పొలానికి పాలేరు... ఈ కథ మీకు తెలిసిందే. మా కంపెనీ కథ కూడా అదే.

డబ్బు అమెరికా చేరేసరికి 24 వేల డాలర్లు. కంపెనీకి డెలావేర్‌లో చిరునామా ఉన్న ప్రతినిధి ఒకరు ఎప్పుడూ ఉండాలి. మొదటి ఏడాది ఏజెన్సీ ప్యాకేజీలో కలిసిపోయింది, తర్వాత ఏటా విడిగా కట్టాలి. ఉత్తరాలు తీసుకునే సర్వీసుకి నెలకి 30 డాలర్లు. ఇక డెలావేర్ ఎల్.ఎల్.సి. ఒక్క డాలరు వ్యాపారం చేసినా, చెయ్యకపోయినా ప్రతి జూన్ 1 లోగా 300 డాలర్లు కట్టాలి. ఆలస్యమైతే ఇంకో 200.

అసలు తమాషా ఇప్పుడు వినండి. వాళ్ళ బావ ఇంట్లో ఒక గది ఆఫీసుగా పెట్టుకుని పని మొదలుపెట్టాం. ఆ ఇల్లున్నది టెక్సాస్‌లో. డెలావేర్ కంపెనీ టెక్సాస్‌లో వ్యాపారం చేస్తే, టెక్సాస్ దృష్టిలో అది పరాయి కంపెనీ! అక్కడ కూడా నమోదు చేసుకోవాలి. ఫీజు 750 డాలర్లు. నేరుగా టెక్సాస్‌లోనే కంపెనీ పెట్టుకుని ఉంటే 300తో పోయేది. డెలావేర్ చవక అని చెప్పిన మహానుభావుణ్ణి నేనే గనక ఎవరినీ ఏమీ అనడానికి లేదు.

మనవాడికి ఇంకో ఆశ ఉండేది. కంపెనీ ఉంది గనక అక్కడికి వెళ్ళి కూర్చుని నడపవచ్చునని. కంపెనీకి యజమాని కావడం వేరు, వీసా వేరు. పెట్టుబడి పెట్టినవాళ్ళకి అమెరికా ఇచ్చే ఇ-2 వీసా ఒప్పందం ఉన్న దేశాలవారికే ఇస్తారు. ఆ జాబితాలో మన దేశం లేదు. అలా మనవాడు తన కంపెనీని ఫోనులోనే చూసుకున్నాడు, రాత్రి రెండింటికీ, మూడింటికీ.

2024 వేసవికి ముందు ఒక చిన్న సినిమా కొన్నాడు. హక్కులకి 8 వేల డాలర్లు. హాళ్ళకి పంపే డిజిటల్ కాపీలకీ, పోస్టర్లకీ, ప్రకటనలకీ కలిపి ఆరు వేలు. సినిమా బాగుంది, ఆ మాట ఇప్పటికీ అంటాను. అదే శుక్రవారం ఒక పెద్ద సినిమా రావడంతో మాకు మధ్యాహ్నం ఆటలే దక్కాయి. వసూలు 9 వేలు. హాళ్ళ వాటా పోగా మాకు వచ్చింది నాలుగున్నర వేలు.

సరే, సినిమా అన్నాక ఆడుతుంది, పోతుంది. బాధపడ్డాం గాని భయపడలేదు. భయం ఆగస్టులో వచ్చింది.

ఒక్క ఫారం

వాళ్ళ బావ తనకి తెలిసిన ఒక అకౌంటెంటుని ఫోనులో కలిపాడు. తెలుగాయనే. మెల్లగా రెండు ప్రశ్నలు అడిగారు.

"నిర్మాతకి 8 వేలు పంపేటప్పుడు పన్ను పట్టుకున్నారా?"

పట్టుకోలేదు. మన దేశానికీ అమెరికాకీ ఉన్న పన్నుల ఒప్పందం ప్రకారం సినిమా హక్కులకి ఇచ్చే డబ్బు రాయల్టీ. నిర్మాత తగిన కాగితం ఇస్తే 15 శాతం, ఇవ్వకపోతే 30 శాతం పట్టుకుని అమెరికా ప్రభుత్వానికి కట్టాలి. పట్టుకోకపోతే కట్టాల్సింది పంపినవాడే. నిర్మాతని బతిమాలి కాగితం తెచ్చుకున్నాం. 1,200 డాలర్లు మా నెత్తిన పడ్డాయి.

"ఏప్రిల్ 15 లోగా ఫారం 5472 వేశారా?"

ఆ అంకె వినడం అదే మొదటిసారి. విదేశీయుడు ఒక్కడే యజమానిగా ఉన్న అమెరికన్ ఎల్.ఎల్.సి., తనకీ తన యజమానికీ మధ్య నడిచిన డబ్బు వివరాలు ఏటా ఆ ఫారంలో వ్రాసి పంపాలి. 2017 నుంచీ ఉన్న నిబంధన. లాభం వచ్చిందా, పన్ను పడుతుందా అన్నదానితో సంబంధం లేదు. మనవాడు 2023 నవంబరులో పెట్టుబడి పంపాడు గదా, అదే వ్రాయాల్సిన సంగతి. రెండు మూడు కాగితాల పని.

"వెయ్యకపోతే?" అన్నాడు మనవాడు.

"జరిమానా 25 వేల డాలర్లు."

మేము పంపిన మొత్తం పెట్టుబడి 24 వేలు.

ఫోనులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏజెన్సీకి వ్రాస్తే, "కంపెనీ స్థాపన వరకే మా బాధ్యత, పన్నులు మీ బాధ్యత" అని మర్యాదగా జవాబిచ్చారు. నిజమే. వాళ్ళ నిబంధనల్లో ఆ వాక్యం ఉంది. నేను చదవలేదు.

అకౌంటెంటు గారు మంచివారు. "వాళ్ళు అడిగేదాకా ఆగకండి. ఇప్పుడే వేసేద్దాం. ఎందుకు ఆలస్యమైందో నిజం వ్రాద్దాం. ఒక్కోసారి మన్నిస్తారు, హామీ ఇవ్వలేను" అన్నారు. ఆయన ఫీజు 900 డాలర్లు. సెప్టెంబరులో పంపాం. ఆలస్యానికి కారణం వ్రాసే కాగితం చిత్తుప్రతి నేనే వ్రాశాను. ఇన్నేళ్ళలో ఇన్ని వ్యాసాలు వ్రాశాను గాని అంత కష్టపడి ఏదీ వ్రాయలేదు!

బెజవాడ ఆడిటరు గారు పుణ్యాత్ములు. ఇక్కడి సంగతులు తప్పనివ్వలేదు. విదేశీ కంపెనీ ఉన్నవాడు మన ఆదాయపు పన్ను రిటర్నులో దాన్ని చూపాలి. 2015 నాటి నల్లధనం చట్టం క్రింద, చూపకపోతే 10 లక్షల జరిమానా పడగల రోజులవి. రిజర్వు బ్యాంకుకి బ్యాంకు ద్వారా ఏటా డిసెంబరు 31 లోగా ఇంకో నివేదిక ఇవ్వాలి. నష్టం వచ్చినా ఇవ్వాలి.

తిరిగిరాని పెట్టె

ఖర్చులన్నీ పోగా కంపెనీ ఖాతాలో పదిన్నర వేల డాలర్లు మిగిలాయి. అది మనవాడి నాన్నగారి డబ్బే అనుకోండి. మూసేసి తెచ్చుకుందామంటే, మూయడానికీ ఫీజుంది. డెలావేర్ బాకీలన్నీ కట్టాలి. టెక్సాస్ నుంచి పన్ను బాకీ లేదన్న కాగితం తేవాలి. అన్నిటికీ మించి, ఆ జరిమానా ఉత్తరం వస్తుందో రాదో తేలకుండా ఆ డబ్బు కదపడానికి మనవాడికి ధైర్యం చాలదు. ఈ మాటలు వ్రాసేనాటికి ఆ ఉత్తరం రాలేదు. "రాలేదు" అన్న మాట మంచి వార్తో, చెడ్డ వార్తో చెప్పలేని స్థితి ఎలా ఉంటుందో మీకు రాకూడదని కోరుకుంటాను.

ముందుగా పట్టుకున్న పన్నులో వాడి పన్ను పోగా మిగిలింది మరుసటి ఏడాది తిరిగి వచ్చింది. ఈలోగా గాజుల మీద వడ్డీ పెరిగింది. ఆ వడ్డీ నేను కట్టాను. మనవాడు వద్దన్నాడు. "లెక్కలు చూసింది నేనురా" అన్నాను. గాజులు విడిపించి ఇద్దరం కలిసి తీసుకువెళ్ళి ఇచ్చాం. పిన్నిగారు ఒక్క మాట అనలేదు. కాఫీ ఇచ్చారు. అంటే బాగుండేదేమో!

విదేశంలో కంపెనీ పెట్టొద్దని చెప్పడానికి నేనెవణ్ణి? పెట్టి బాగుపడ్డ తెలుగువాళ్ళు బోలెడుమంది. మీలో ఎవరైనా రేపు ఆ పని చెయ్యబోతుంటే మాత్రం, "పెట్టడానికి ఎంత?" అని అడిగి ఊరుకోకండి. ఏమీ చెయ్యకుండా ఏడాదిపాటు ఉంచడానికి ఎంత, అక్కడ ఏ ఫారాలు ఏ తేదీకి వెయ్యాలి, ఇక్కడ ఏవి వెయ్యాలి, మరిచిపోతే ఎంత, మూసెయ్యాలంటే ఎంత అని అడగండి. డబ్బు పంపకముందే ఒక గంట అక్కడి అకౌంటెంటుకి ఫీజిచ్చి మాట్లాడండి. మేము 900 డాలర్లు చివర ఇచ్చాం. మొదట ఇచ్చి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మొన్న గాంధీనగర్‌లో బాబాయ్ కనిపించారు. "ఏమిరా, పెట్టె తిరిగొచ్చిందా?" అన్నారు.

"ఇంకా దారిలోనే ఉంది బాబాయ్" అన్నాడు మనవాడు.

ఈసారి మేమెవరం నవ్వలేదు.