టోన్ తెచ్చిన తంటా

ఇంగ్లీషులో 'టోన్' అంటే ఒక్కటి కాదు సుమా! సంగీతంలో అది నాదం, బొమ్మలో రంగు ఛాయ, ఫోనులో డయల్ టోన్, కసరత్తు చేసేవాళ్ళకి కండ బిగువు. దీని మూలమైన గ్రీకు మాట 'టోనోస్'కి అర్థం కూడా బిగువే. ఇక మనిషి మాట దగ్గరకొస్తే, టోన్ అంటే గొంతులో పలికే ధోరణి. నేను దెబ్బతిన్నది అక్కడే!

ఓ హాస్యనటుడు పకపకా నవ్వుతూ, "మా డైరెక్టరుకి డైరెక్షన్ తప్ప అన్నీ వచ్చండీ" అన్నారు. మాట పొల్లుపోకుండా రాశాను, నవ్వు రాయలేదు. అచ్చయ్యాక ఆయనకి ఆ డైరెక్టరు తర్వాతి చిత్రంలో వేషం పోయింది. "నేనన్నదే రాశావు తమ్ముడూ, అన్నట్టు రాయలేదు" అన్నారాయన.

ఇప్పుడు నా నోటుబుక్కులో ప్రతి మాట పక్కనా 'నవ్వుతూ', 'విసుగ్గా' అని కూడా రాసుకుంటున్నాను.