అరవై రూపాయల బాణం

మన పురాణాలు తిరగేసి చూడండి, జింకను వేటాడి సుఖపడినవాడు దాదాపుగా కనిపించడు. పాండురాజు జింకల జంట మీద బాణం వేసి శాపం తెచ్చుకున్నాడు. రాములవారంతటివారు బంగారు జింక వెనకాల వెళ్ళి భార్యనే పోగొట్టుకున్నారు. దశరథుడు ఏనుగు అనుకుని చీకట్లో వేస్తే అది మునికుమారుడికి తగిలింది. (అది జింక కేసు కాదనుకోండి, అయినా బాణం కేసే కదా!) అలాంటి మహానుభావులకు కలిసిరాని విద్య ఓ బక్కపలచటి ముసలాయనకు కలిసిరావడం నేను కళ్ళారా చూశాను. 1966 మే నెల. అప్పుడు నాకు పదకొండేళ్ళు. వేసవి సెలవులకు మా మేనమామగారింటికి వెళ్ళాను.

ఆ ఇల్లు పహాడీ షరీఫ్ దాటాక, శ్రీశైలం వెళ్ళే రోడ్డుకు ఓ మైలు లోపలగా ఉండేది. కొండమీద బాబా షర్ఫుద్దీన్ దర్గా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. చుట్టూ ఉన్నవే మారిపోయాయి. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచాక ఆ ప్రాంతంలో గజం స్థలం ధర వింటేనే గుండె దడ. ఆ రోజుల్లో మాత్రం ఎటు చూసినా ఏనుగుల్లా పడుకున్న రాతి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, తంగేడు, రేగు, తుమ్మ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అక్కడ రోలు ఎందుకు, బండలే చిటపటమనేవి.

మామయ్యకు ఓ మామిడి తోట, ఓ మోటబావి, కింద కాస్త కూరపాదు. ఆ పాదును మేయడానికి కృష్ణజింకలు వచ్చేవి. (జంతుశాస్త్రం చదివిన మా అబ్బాయి, అది అసలు జింకే కాదంటాడు. జింకకు కొమ్ములు ఏటేటా రాలి మొలుస్తాయట, దీనికి మెలితిరిగిన కొమ్ములు జన్మంతా ఉంటాయట. ఉంటే ఉండనీ, పేరు పెట్టిన మన పెద్దలు కొమ్ములు లెక్కపెట్టలేదు!) ఆదివారం వస్తే పట్నం నుంచి మామయ్య స్నేహితులు జీపులో తుపాకులు పట్టుకుని దిగేవారు. జీపు చప్పుడుకు జింకలు, జింకల కోసం తెచ్చిన సోడాలకు స్నేహితులు, ఎవరి దారిన వారు మాయమయ్యేవారు.

తోటకు కాపలా ఓ చెంచు తాత. నల్లమలలో మన్ననూరు పైన ఏదో పెంట అతని ఊరు. చెంచుల గూడేన్ని పెంట అంటారు. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు వచ్చి ఆ చెంచులతో కలిసి తిరిగి, 1943లో వారి మీద పెద్ద పుస్తకమే వేశాడు. అందులో తాత ఉన్నాడో లేడో గాని, మామయ్య చిట్టాలో మాత్రం ఉన్నాడు. కూతురి పెళ్ళికి తీసుకున్న అరవై రూపాయలు. ఆ బాకీ తీరేదాకా ఊరు కదలకూడదని కట్టడి. రెండేళ్ళయినా అరవై అరవైగానే ఉంది. మామయ్య లెక్కల్లో అటువంటి మహిమ ఉండేది. ఇలాంటి జీతాలను రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. అప్పటికింకా పదేళ్ళుంది.

తాత గుడిసెలో చూరుకు ఓ వెదురు విల్లు, నాలుగు ఇనుపమొనల బాణాలు వేలాడేవి. ఓ ఆదివారం వట్టి చేతులతో తిరిగొచ్చిన జీపు మిత్రుల ముందు మామయ్య వాటిని చూసి నవ్వాడు. "ఏం ముసలోడా, నీ పుల్లలతో జింకను కొడతావురా? కొడితే నీ బాకీ కొట్టేస్తా పో!"

"నిజంగనా దొరా?" అన్నాడు తాత.

అందరూ నవ్వారు. వసారాలో బియ్యం ఏరుతున్న అత్తయ్య మాత్రం నవ్వలేదు. చేట పక్కన పెట్టి తలెత్తి చూసింది.

తాత రెండు రోజులు విల్లు ముట్టనే లేదు. తోటకు అరమైలు దూరంలో ఎండిపోగా మిగిలిన ఓ కుంట ఉండేది. జింకలు ఏ దారిన నీళ్ళకు వస్తున్నాయో, ఏ పొద దగ్గర ఆగుతున్నాయో చూసి వచ్చాడంతే. మూడోనాడు కోడి కూయకముందే బయలుదేరాడు. అత్తయ్యను బతిమాలుకుని నేనూ వెంటపడ్డాను. "దగ్గద్దు, తుమ్మద్దు, గోక్కోవద్దు" అని మూడు షరతులు పెట్టాడు తాత. నేను మూడూ నిలుపుకున్నాను. ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని గర్వపడుతుంటాను. మా ఆవిడ నమ్మదు, అది వేరే సంగతి.

గుప్పెడు దుమ్ము తీసి వదిలి గాలి చూశాడు. "గాలి వాటి దిక్కునుంచి మన దిక్కు రావాలె బిడ్డా. మన వాసన పోయిందంటే ఇగ కథ ఒడిసినట్టే." ఓ గుండు వెనక, సీతాఫలం పొద చాటున కూర్చున్నాం. తుపాకీ వాడికి ఫర్లాంగు దూరం చాలు, బాణానికి ఇరవై అడుగుల్లోకి రావాలి. కృష్ణజింక చూపు చాలా దొడ్డది, పరుగు మరీ దొడ్డది, గంటకు ఎనభై కిలోమీటర్ల దాకా పోతుందట. అందుకని మనం దాని దగ్గరకు వెళ్ళే ప్రశ్నే లేదు, దాన్నే రానివ్వాలి.

ఎండ ఎక్కింది. గుండు పెనంలా కాలుతోంది. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడానికి లేదు. ఎంతసేపటికో నాలుగు ఆడవి వచ్చాయి. తాత కదలలేదు. "కడుపుతోటి ఉన్నదుంటది, ముట్టద్దు" అన్నట్టు కళ్ళతోనే చెప్పాడు. ఆ తర్వాత వచ్చింది పోతు. వీపు నలుపు, పొట్ట తెలుపు, నెత్తిన మెలితిరిగిన కొమ్ములు. నీళ్ళలోకి మూతి వంచింది. తాత విల్లు లాగడం నేను చూశాను, వదలడం చూడలేదు. టప్పుమని చిన్న చప్పుడు. ఎగిరి ఒక్క దూకు దూకి పొదల్లో పడింది.

నేను లేచి పరుగెత్తబోతే చెయ్యి పట్టి కూలేశాడు. తీరిగ్గా చుట్ట తీసి ముట్టించాడు! "ఇప్పుడు ఎంటపడితే భయానికి మైళ్ళకు మైళ్ళు ఉరుకుతది. ఊకుంటే పక్కనే పంటది." తుపాకీ గుండు దెబ్బతో పడేస్తుంది. బాణం అలా కాదు, కోసి రక్తం పోయేలా చేస్తుంది, దానికి వ్యవధి కావాలి. చుట్ట అయ్యాక లేచాం. తంగేడు ఆకు మీద ఓ ఎర్ర చుక్క, రాయి మీద మరొకటి. రెండు వందల గజాల అవతల తుమ్మ నీడన పడుకుని ఉంది. కన్ను తెరిచే ఉంది, చూపు లేదు. తాత సొరబుర్రలోంచి నీళ్ళు తీసి దాని నోట్లో పోశాడు. తన రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. నాకు ఎందుకో ఏడుపొచ్చింది. తాత చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఇది చదివి ఎవరూ విల్లు వెతుక్కోకండి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కృష్ణజింకను ముట్టుకుంటే జైలే. నిజాం నవాబుల వేట భూమిగా ఉన్న వనస్థలిపురం అడవిని 1975లో మహావీరుడి పేరు పెట్టి హరిణ వనస్థలి చేశారు, మంచి పని చేశారు. ఇప్పుడు మనవల్ని తీసుకెళ్ళి అక్కడే చూపిస్తున్నాను.

సరే, ఆ సాయంత్రం సంగతి. మామయ్య జింకను చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏదో వేళాకోళానికి అన్నాన్రా..." అని మొదలెట్టాడు. వెనకనుంచి అత్తయ్య చిట్టా, సిరాబుడ్డి, కలం పట్టుకుని వచ్చింది. ఆవిడ ఆ చిట్టాను ముట్టుకోవడం నేను అంతవరకు చూడలేదు.

"పొద్దున లేస్తే మాటే మా ఆస్తి అంటారు కదా! ఇదిగో, ఆస్తి. కొట్టెయ్యండి" అంది.

మామయ్య ఆవిడ కేసి చూశాడు, జీపు మిత్రుడి కేసి చూశాడు, నా కేసి చూశాడు. అరవై మీద అడ్డంగా గీత గీశాడు. కలం కాగితాన్ని చింపేసిందనుకోండి!

మర్నాడు తాతను రోడ్డెక్కించడానికి నేనూ వెళ్ళాను. అత్తయ్య కట్టిచ్చిన జొన్నరొట్టెల మూట చంకలో, విల్లు చేతిలో. కల్వకుర్తి బస్సు ఆగింది. కండక్టరు విల్లును చూసి, "ఇదేంది? దీనికి లగేజీ టికెట్టు తియ్యాలె" అన్నాడు. తాత నిదానంగా నారి ఊడదీశాడు. వంగిన వెదురు నిటారుగా నిలబడింది. దాన్ని నేలకు ఆనించి, ఓ మెట్టెక్కి, "చేతికర్ర సారూ, ముసలోణ్ణి" అన్నాడు.